భుజం ఎవరిదో వాళ్ళనే అడగండి

ఆస్పత్రిలో మా మావయ్య పక్కన కూర్చున్నప్పుడు నేను కనిపెట్టిన మొదటి సంగతి ఏమిటంటే, తెల్లకోటు వేసుకున్నవాళ్ళకి మెడ ఒక్కవైపుకే తిరుగుతుంది. నా వైపుకి. నొప్పి ఆయనది, చీటీ మీద పేరు ఆయనది, కాలు విరిగిన కుర్చీలో ఒరిగి కూర్చున్నది ఆయన. ప్రశ్న మాత్రం నాకు.

"ఈయన తింటున్నాడా? నిద్రపోతున్నాడా? ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటున్నాడా?"

మావయ్య ఒకసారి వాళ్ళ మొహం, ఒకసారి నా మొహం చూసి నెమ్మదిగా అనేవాడు. "చెప్పరా అల్లుడూ, నేను తింటున్నానా? నాక్కూడా తెలుసుకోవాలనుంది."

ఒక్కరూ నవ్వేవాళ్ళు కాదు. ఆయన జోకుకి నవ్వితే జబ్బు అంటుకుంటుందనుకున్నారో ఏమో.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఇళ్ళకి రంగులేసే మనిషి. తోటి పనివాళ్ళు "నిచ్చెన" అని పిలిచేవారు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, పైగా ఎక్కడ ఆనిస్తే అక్కడ నిలబడే కునుకు తీయగలడు. గోడని నున్నగా చేసే లప్పం పెట్టడంలో ఆయన చెయ్యి పడితే గోడ మీద చెంప ఆనించి పడుకోవచ్చని చెప్పుకునేవారు. ముప్పై దాటుతున్న వయసులో ఆయన తలలోకి గొంతులు వచ్చి చేరాయి. వాటికి ఆయన పెట్టిన పేరు అద్దెవాళ్ళు. "అద్దె ఇవ్వరు, ఖాళీ చెయ్యరు, పైగా ఇల్లు బాగోలేదని నన్నే తిడతారు" అంటాడు.

మొదటిసారి ఆ గోల తట్టుకోలేక వీధిలోకి పరిగెత్తినప్పుడు పట్టుకెళ్ళి ఆస్పత్రిలో పడేశారు. అక్కడ రెండు మణికట్లూ గుడ్డ పీలికలతో మంచానికి కట్టారు. ఎన్నాళ్ళు కట్టారో, ఎవరు విప్పారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. కానీ ఆ తర్వాత ఆయన గడియారం పెట్టుకోవడం మానేశాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే మణికట్టు దగ్గర గుండీలు పెట్టడు, చేతులు అలా వేలాడుతుంటాయి. "చొక్కాకి గుండీలు కుట్టేది నేను, పెట్టుకోనిది నువ్వు" అని మా అమ్మ సణుగుతుంటుంది. ఆమె ముందు గదిలో బట్టలు కుడుతుంది. మావయ్య మాతోనే, వెనక గదిలో ఉంటాడు.

మాత్రలు పడ్డాయి, గోల తగ్గింది, మావయ్య మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. మాత్రల వల్ల వేళ్ళు కొంచెం వణుకుతాయి కాబట్టి కిటికీ అంచులు, తలుపు చట్రాలు వేరేవాళ్ళకి వదిలేసి పెద్ద గోడలు తను తీసుకున్నాడు. రోలరు చేతికిస్తే పొద్దుట మొదలుపెట్టి గోడ పూర్తయ్యేదాకా మాట్లాడడు. ఆయన బతుకు అలా ఒక దారిలో పడింది.

అప్పుడు పలక జారింది. రెండు నిచ్చెనల మధ్య వేసిన చెక్క పలక మీద నిలబడి పైకప్పుకి రంగేస్తున్నాడు. పలక ఒకవైపు జారితే ఆయన కింద పడలేదు, కుడిచేత్తో నిచ్చెన మెట్టు పట్టుకుని వేలాడాడు. ఒళ్ళంతటి బరువూ ఆ ఒక్క భుజం మోసింది. దింపేసరికి చెయ్యి పైకి లేవడం లేదు.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మందుల చీటీ చూడగానే ఆ మహానుభావుడు భుజం సంగతి మర్చిపోయాడు. ముట్టుకుని చూడలేదు. "ముందు మెదడు డాక్టరుకి చూపించండి" అన్నాడు, నాతో. మెదడు డాక్టరు తల ఎత్తకుండా విని, "చెయ్యి ఎత్తడం లేదంటే మొండికేస్తున్నాడన్నమాట" అని మాత్రల మోతాదు పెంచాడు, అదీ నాతోనే చెప్పి. పెంచిన మాత్రలకి మావయ్య ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుపోయింది. అసలే కదలని చెయ్యి, ఇప్పుడు ఒళ్ళే కదలదు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, అది. మళ్ళీ వెళ్తే ఆ డాక్టరు చాలా సంతోషంగా, "చూశారా, ఎలా బిగుసుకుపోయాడో, నేను చెప్పలా ఇది జబ్బేనని" అన్నాడు.

"పంటి నొప్పని వెళ్తే తలకి కట్టు కట్టి పంపించే వైద్యం" అంది మా అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. "రేపు వీడికి జలుబు చేసినా పిచ్చే అంటారు."

"నిజమే అక్కా," అన్నాడు మావయ్య. "నేను చచ్చిపోయినా ముందు మోతాదు పెంచి చూస్తారు."

ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మామూలు మనిషి ఎవడైనా భుజం నొప్పి అంటే డాక్టర్లు భుజం చూస్తారు. మందుల చీటీలో ఫలానా మాత్ర ఉందంటే ఆ మనిషికి ఇక భుజం ఉండదు, మోకాలు ఉండదు, తల ఒక్కటే మిగులుతుంది. అది కూడా వాళ్ళ లెక్కలో పాడైపోయిన తల.

ఏడాది దగ్గర పడుతుండగా ఎవరో ఫిజియోథెరపీ కాలేజీకి వెళ్ళమన్నారు. అక్కడ విద్యార్థులు చేస్తారు, తొందరగా చూస్తారు అన్నారు. ఏ రాయైతేనేం అనుకుని వెళ్ళాం. పొడవాటి గది, తెరలు కట్టిన మంచాలు, గోడకి కప్పీలు, తాళ్ళు, మూలన ఇసుక సంచులు పేర్చిన బండి. ఒక అమ్మాయి వచ్చింది. బలమైన చేతులు. చీటీ చదివింది, మొహం మారింది, నా వైపు తిరిగింది.

"పేషెంటు సహకరిస్తారా?"

"ఏమో, మీరు సహకరిస్తే చూద్దాం" అన్నాడు మావయ్య.

ఆ అమ్మాయి వినలేదు. భయపడ్డవాళ్ళకి చెవులు ముందు మూసుకుపోతాయి. పుస్తకంలో ఎలా ఉందో అలా చేసింది. రోగి వెనక్కి వెళ్ళి నిలబడాలి, ఒక చెయ్యి వీపు మీది పలక ఎముక మీద అదిమి పెట్టాలి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని చెయ్యి పైకి లేపాలి. వాళ్ళందరూ అలాగే చేస్తారు. అదే వాళ్ళ పద్ధతి. వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకున్న చెయ్యి మావయ్యకి ఎవరి చెయ్యి అనిపించిందో నేను చెప్పక్కర్లేదు. విదిలించుకుని ఒక్క తోపు తోశాడు. అమ్మాయి వెళ్ళి ఇసుక సంచుల బండి మీద పడింది. బండి దొర్లింది. కేకలు. గార్డు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఎవరో అప్పటికే చీటీ మీద ఎర్ర సిరాతో "హింసించే స్వభావం" అని రాసేశారు. ఏడాది పాటు భుజం చూడమని తిరిగితే కదలని కలం ఆ రెండు ముక్కలు రాయడానికి మాత్రం క్షణం పట్టలేదు.

మావయ్య గోడకి ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో దాచుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

అప్పుడు వచ్చింది వాళ్ళ మేడం. పొట్టి మనిషి, మైకు అవసరం లేని గొంతు. ఆ గొంతుతో గార్డుని బయటికి పంపించి, ఆ తర్వాత గొంతు పూర్తిగా తగ్గించింది. ఒక చిన్న స్టూలు లాక్కుని మావయ్య కంటే కిందికి వచ్చేలా కూర్చుంది. తన అరచెయ్యి వెల్లకిలా తొడ మీద పెట్టుకుంది. నా వైపు చూడలేదు. ఆ ఏడాదిలో నా వైపు చూడని మొదటి తెల్లకోటు ఆవిడే.

"భుజం నొప్పి ఎప్పట్నుంచండీ?"

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఊరికే కూర్చుంది. చివరికి ఆయన, "పలక జారినప్పట్నుంచి" అన్నాడు.

"మీ చెయ్యి మీరే తెచ్చి నా చేతిలో పెట్టండి. తీసేసుకోవాలనిపిస్తే తీసేసుకోండి. నేను పట్టుకోను."

పెట్టాడు. తీసేసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. కాసేపటికి ఆవిడ చెప్పింది, భుజం లోపలి కండరం చిరిగిందని, ఇన్నాళ్ళూ వదిలేయడం వల్ల కీలు పట్టేసిందని, అప్పుడే వచ్చుంటే సగం బాధ తప్పేదని. చెప్పింది కూడా ఆయనకే. ఆ బండి మీద పడ్డ అమ్మాయి మోచెయ్యి రుద్దుకుంటూ ఏడుస్తోంది, మేడం తిడుతుందని.

"నిన్ననడానికి ఏముంది," అంది మేడం. "అలా పట్టుకోమని నేనే నేర్పాను. బొమ్మ మీద నేర్పాను. బొమ్మ వద్దనదు కదా."

ఆవిడ చేతిలో మావయ్య భుజం మెల్లగా కదలడం మొదలుపెట్టింది. ముందు నడుము దాకా, తర్వాత అలమరలో టీ గ్లాసు పెట్టే అర దాకా. తల దువ్వుకున్న రోజు మా అమ్మ మిషను ఆపి మరీ చూసింది. "పాపిడి వంకరగా తీశావు" అని మాత్రం అంది.

ఒకరోజు మేడం మా ఇంటికొచ్చింది. మావయ్యని క్లాసుకి రమ్మని అడగడానికి. మా అమ్మ కత్తెర కింద పెట్టింది.

"నా తమ్ముణ్ణి ఎగ్జిబిషన్ పెడతారా?"

"ఇప్పటిదాకా జరిగింది ఎగ్జిబిషనే అమ్మా," అంది మేడం. "మానసిక రోగుల గురించి మా పిల్లలకి పుస్తకంలో ఒక్క పాఠం ఉంది. ఆ తర్వాత వార్డుకి తీసుకెళ్ళి వరండాలో నిలబెడతారు. ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని కిటికీలోంచి చూసొస్తారు. హాజరు పడుతుంది. రేపు వీళ్ళే మీ తమ్ముడి లాంటివాళ్ళ నడుములు, మోకాళ్ళు చూడాలి. ఒక మనిషితో కూర్చుని మాట్లాడకుండా ఎలా నేర్చుకుంటారు?"

మా అమ్మ నా వైపు చూసింది, నేను మావయ్య వైపు చూశాను. మావయ్య పైకప్పు చూస్తున్నాడు, మా ఇంటి పైకప్పుకి రంగేయాలని చాలాకాలంగా ఆయన బాధ.

"రెండు మాటలు," అన్నాడు చివరికి. "ఏదైనా నన్నే అడగాలి. నేను వద్దంటే ఆపాలి."

"అంతేనా?"

"అంతే. ఆపినన్నాళ్ళు వస్తాను. ఆపని రోజు మళ్ళీ రాను. నేను గోడని కాదు కదా, ఎవరు పడితే వాళ్ళు గీకి పోవడానికి."

మొదటి క్లాసులో పట్టుమని పది మాటలు కాకముందే గొడవైంది. వెనక వరుసలో గోడకి అతుక్కుని నిలబడ్డ ఒక కుర్రాడు నన్నడిగాడు, "ఈయనకి కోపం ఎప్పుడొస్తుందండీ?" మావయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. గదిలో గుసగుసలు. నేను లేవబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ పేషెంటు వెళ్ళిపోయాడు. ఇప్పుడేం చేస్తారు?"

 చివరికి ఆ కుర్రాడే కాళ్ళీడ్చుకుంటూ వరండాలోకి వెళ్ళాడు. గుమ్మంలోంచి వినపడింది.

"మీకు కోపం ఎప్పుడొస్తుందండీ?"



"ఇందాక వచ్చింది. ఇప్పుడు పోయింది. పద."

ఆ రోజు నుంచి ఆ కుర్రాడు "గోడ" అయ్యాడు. ఇసుక సంచుల బండి మీద పడ్డ అమ్మాయికి మావయ్య "పట్టుకారు" అని పేరు పెట్టాడు. "నీ చెయ్యి బోల్టులు ఇప్పడానికి బ్రహ్మాండంగా ఉంటుందమ్మా, మనుషులకి కొంచెం సడలించు" అన్నాడు. అందరూ ఆయన్ని మావయ్యగారూ అనడం మొదలుపెట్టారు, నేను అంటున్నాను కాబట్టి.

ఆ క్లాసుల్లో మావయ్య చెప్పినవి నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. "ప్రశ్న అడిగాక ఆగండి. మీరడిగింది మీ ఒక్కరి ప్రశ్నే గానీ, ఇక్కడ సమాధానం చెప్పేవాళ్ళు నలుగురుంటారు. అద్దెవాళ్ళు ముందు చెప్తారు. వాళ్ళు అయ్యాక నా వంతు వస్తుంది. నా వంతు రాకముందే మీరు రెండో ప్రశ్న వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాడు. మాత్రలు వేసుకుంటే కాళ్ళు బరువెక్కి ఎలా ఈడ్చాల్సి వస్తుందో నడిచి చూపించాడు. "దీన్ని బద్ధకం అని రాయకండి. ఈ కాళ్ళతో మీరు ఒక మెట్టు ఎక్కి చూడండి." నోరు ఎండిపోతుందనీ, మంచినీళ్ళు దగ్గర పెట్టి వ్యాయామం చేయించమనీ చెప్పాడు. పడుకోబెట్టే ముందు ఎందుకు పడుకోబెడుతున్నారో చెప్పమన్నాడు. "తెర లాగేటప్పుడు అడగండి. మీకది తెర. నాకది తలుపు."

ఒకరోజు పట్టుకారు ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని అడిగింది. "మావయ్యగారూ, మీరు చొక్కా గుండీలు ఎందుకు పెట్టుకోరు?"

మేడం కూడా ఉలిక్కిపడింది. మావయ్య చొక్కా చేతులు పైకి మడిచి మణికట్లు బల్ల మీద పెట్టాడు. అప్పుడు చెప్పాడు గుడ్డ పీలికల సంగతి. దాహం వేస్తే పిలిచిన సంగతి, ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేకపోయిన సంగతి. కట్టినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదనీ, ఒకడు తన తల దువ్వాడనీ కూడా చెప్పాడు. "కానీ ఒక్కడూ అడగలేదు. కడితే చెయ్యి నొప్పెడుతోందా అని ఒక్కడూ అడగలేదు."

నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఆయనతో ఒకే ఇంట్లో ఉన్నవాణ్ణి, ఇది ఒక కాలేజీ బల్ల దగ్గర విన్నాను. ఎవరి మీద కోప్పడాలో తెలియక కిటికీ చువ్వని పట్టుకుని ఊపాను, అది ఊడి చేతికొచ్చింది.

భుజానికి కొత్త వ్యాయామం కనిపెట్టింది కూడా పట్టుకారే. పొడి రోలరు ఒకటి తెచ్చి ఆయనకిచ్చి, గోడకి రంగేస్తున్నట్టు పైకీ కిందికీ లాగమంది. పక్కన నిలబడి చూస్తూ, భుజం చెవి వైపు ఎగబాకితే చెప్పేది. "రంగులేని రోలరు, ఉప్పులేని పప్పు" అని మావయ్య గొణిగాడు గానీ, అంతకు ముందెన్నడూ లేనంత పైకి లాగాడు.

ఇక పైవాళ్ళ సంగతి. ఎర్ర సిరా ముక్క ఒకటి ఉందిగా, అది ప్రిన్సిపాలు బల్ల మీదికి చేరింది. ఎవరో పిల్ల తండ్రి వచ్చి, మా అమ్మాయిని పిచ్చివాళ్ళ ముందు కూర్చోబెడతారా అని అరిచి వెళ్ళాడట. ప్రిన్సిపాలు క్లాసులు ఆపేయమన్నాడు. మేడం ఒప్పుకోలేదు. చివరి ప్రాక్టికల్ పరీక్షలో ఒక రోగిగా మావయ్యని పెట్టండి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినరే చూస్తాడు, ఏ గొడవా లేకుండా జరిగితే క్లాసులు ఉంచండి, జరగకపోతే నేనే ఆపేస్తాను అంది. ఆయన సరేనన్నాడు, రెండు షరతుల మీద. గుమ్మంలో గార్డు ఉండాలి. ఒప్పుదల కాగితం మీద సంతకం నేను పెట్టాలి.

"నా భుజానికి వాడి సంతకమేమిటి?" అన్నాడు మావయ్య.

"నిబంధన అండీ. మానసిక రోగి అయితే సంరక్షకుడి సంతకం ఉండాలి" అన్నాడు గుమాస్తా, నా వైపే చూస్తూ.

"అయితే వాడి భుజానికే పరీక్ష పెట్టుకోండి."

సంతకం పెట్టనని నేనూ అన్నాను. పెట్టకపోతే పరీక్షే లేదు, క్లాసులే లేవు అని మేడం బతిమాలింది. పెట్టాను. మావయ్య కలం లాక్కుని నా సంతకం కింద తనదీ పెట్టాడు, కాగితం చిరిగేంత అదిమి.

పరీక్ష రోజు పొద్దున్నే ఆయన మొహం చూడగానే మా అమ్మకి అర్థమైంది. టీ గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయాడు. పెదాలు కదులుతున్నాయి. లోపల గోల మొదలైంది.

"ఇవాళ వద్దులేరా," అంది. "ఒంట్లో బాగోలేదని చెప్పిద్దాం."

"మాటిచ్చానక్కా."

"ఇలా వెళ్ళి ఏం చేస్తావు?"

"వెళ్ళి వద్దని చెప్తాను. వద్దని చెప్పడానికైనా మనిషి వెళ్ళాలి కదా."

ఎగ్జామినరు పెద్దాయన. వరసగా చాలామందిని పరీక్షించి అలసిపోయి ఉన్నాడు. మావయ్య ఎదురుగా నిలబడి, మెడ నా వైపు తిప్పి అడిగాడు.

"ఇవాళ ఎలా ఉన్నాడు? పర్వాలేదా?"

"ఆయన్నే అడగండి సార్."

"టైము లేదయ్యా, నువ్వు చెప్పు."

నేను నోరు మూసుకున్నాను. మావయ్య లేవబోయాడు. కుర్చీ చేతుల మీద బరువు వేశాడు కూడా. లేస్తే ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నట్టే. కానీ అప్పుడే తెర పక్క నుంచి పట్టుకారు వచ్చింది, ఆమె పరీక్ష అది. మావయ్య మళ్ళీ కూర్చున్నాడు.

ఆమె స్టూలు ఆయన కంటే కిందికి లాక్కుని కూర్చుంది. అరచెయ్యి వెల్లకిలా పెట్టింది.

"ఇవాళ ఎలా ఉన్నారు మావయ్యగారూ?"

ఆగింది. ఎగ్జామినరు గొంతు సవరించుకున్నాడు. ఆమె ఇంకా ఆగింది. ఆమె మెడ మీద చెమట కనిపిస్తోంది.

"లోపల గోలగా ఉందమ్మా," అన్నాడు మావయ్య. "ఇవాళ ముట్టుకోవద్దు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టూలు కాస్త వెనక్కి జరిపింది. "సరేనండీ. రోలరు మీరే వేస్తారా? నేను ఇక్కణ్ణుంచే చూస్తాను. అది కూడా వద్దంటే కూర్చుందాం."

ఆయన ఆలోచించి లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళి రోలరు పైకీ కిందికీ లాగాడు. ఆమె దూరం నుంచే చూస్తూ, భుజం ఎక్కడ పైకి ఎగబాకుతోందో చెప్పింది, నడుము వంచకుండా నిలబడమంది, అలసిపోతే ఆపమంది, నీళ్ళ గ్లాసు చేతికి అందేలా పెట్టింది. ఏ కండరం ఎంత పనిచేస్తోందో ఎగ్జామినరుకి వివరించింది. 

"అది సరే," అన్నాడు ఎగ్జామినరు. "చెయ్యి పట్టుకుని కీలు కదిలించి చూపించు."

"ఆయన వద్దన్నారు సార్."

"పరీక్ష నీది. ఆయనది కాదు." నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. చెయ్యి ఇమ్మను. పాపం ఆ పిల్ల ఫెయిలవుతుంది."

అదీ వాళ్ళ తెలివి. ఏడాది పాటు ఆయన మాట విననివాళ్ళకి ఆయన మంచితనం మాత్రం ఎక్కడుందో తెలుసు, సరిగ్గా అక్కడే నొక్కుతారు.

మావయ్య రోలరు కింద పెట్టాడు. పట్టుకారు మొహం చూశాడు. కుడిచెయ్యి మెల్లగా ముందుకు చాపాడు. మణికట్టు పైకి పెట్టి, గుండీ పెట్టని చొక్కా చెయ్యి వేలాడుతూ.  కళ్ళు మూసుకున్నాడు.

"వద్దు మావయ్యగారూ," అంది పట్టుకారు. "దించేయండి. ముట్టుకోవద్దన్నారు కదా. నేను ముట్టుకోను."

ఎగ్జామినరు కలం తీశాడు. "చెయ్యి వెయ్యకుండా ఫిజియోథెరపీ ఏమిటమ్మా" అని, రాయాల్సింది రాసి, తెర లాగి, పక్క మంచానికి వెళ్ళిపోయాడు. తెర లాగే ముందు అడగలేదని వేరే చెప్పాలా.

సాయంత్రం వరండాలో మేడం ఎగ్జామినర్ని అడ్డగించింది. "రోగి వద్దంటే ఆపాలని మనం రాసుకున్న పాఠంలోనే ఉంది కదండీ. అదే చేసిన పిల్లని ఎలా ఫెయిల్ చేస్తారు?"

"రోగి అంటే మామూలు రోగి," అన్నాడాయన. "ఇతను..." అని చెయ్యి గాల్లో తిప్పాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యక్కర్లేదు, మేం జీవితమంతా వింటున్న వాక్యమే అది. ప్రిన్సిపాలు మాత్రం పూర్తి చేశాడు. పరీక్ష సవ్యంగా జరగలేదు కాబట్టి క్లాసులు బంద్ అన్నాడు. గొడవ జరగలేదు కదా సార్ అంటే, జరిగేలా ఉందని గార్డు చెప్పాడు అన్నాడు. గార్డు ఆ టైములో గుమ్మంలో ఫోను చూసుకుంటున్నాడు.

మావయ్య రెండు రోజులు వెనక గదిలోంచి రాలేదు. మూడోనాడు తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పాపిడి తిన్నగా తీసుకుని వచ్చాడు.

"పద అల్లుడూ. ప్రిన్సిపాలు దగ్గరికి."

"ఎందుకు?"

"వద్దన్నది నేను. మునిగింది ఆ పిల్ల. నా మాట తను నిలబెట్టింది, తన మాట నేను చెప్పాలి కదా."

"గోల తగ్గిందా?"

"కొంచెం. అద్దెవాళ్ళు కూడా పదమంటున్నారు."

ప్రిన్సిపాలు గదిలో బల్లకి ఇవతల రెండు కుర్చీలు. మావయ్య ఒకదాంట్లో కూర్చున్నాడు, నేను రెండోదాంట్లో. ప్రిన్సిపాలు కళ్ళజోడు సర్దుకుని, మెడ నా వైపు తిప్పాడు.

"ఏం కావాలట ఈయనకి?"

నేను లేచాను.

"ఏమయ్యా, కూర్చో. నువ్వు లేకుండా ఎలా?"

"కాలేజీ మానేసినవాణ్ణి సార్, నాకేం తెలుసు," అన్నాను. "భుజం ఆయనది. ఆయన్నే అడగండి."

బయటికొచ్చి తలుపు వేసేశాను. వరండాలో పట్టుకారు నిలబడి ఉంది, గోడ కూడా ఉన్నాడు, అలవాటు ప్రకారం గోడకే ఆనుకుని.  చివరికి లోపలి నుంచి ప్రిన్సిపాలు గొంతు, బలవంతంగా, "చెప్పండి" అంది. మళ్ళీ నిశ్శబ్దం. ఆయన రెండో ప్రశ్న వెయ్యకుండా ఉంటే బాగుండునని ముగ్గురం తలుపు వైపే చూస్తున్నాం. వెయ్యలేదు. ధైర్యం చాలక అయ్యుంటుంది, అయినా వెయ్యలేదు. కాసేపటికి మావయ్య గొంతు మొదలైంది. ఆగి ఆగి, ఒక్కో మాటా.

బయటికొచ్చేసరికి ఆయన చొక్కా వీపు తడిసిపోయి ఉంది.

"ఏమన్నాడు?"

"ఈ పిల్లకి మళ్ళీ పరీక్ష పెడతాడట. నేనే రోగిని. అది బాగా జరిగితే క్లాసుల సంగతి చూస్తాడట."

"నిజంగా?" అంది పట్టుకారు.

"ఈసారి వద్దననని ముందే రాసిమ్మన్నాడు."

నా ఒళ్ళు మండిపోయింది. "ఇచ్చావా?"

"ఆ రోజు నా భుజం ఏమంటుందో ఇవాళ నాకెలా తెలుస్తుందిరా," అన్నాడు మావయ్య. "ఆ రోజు అడగమన్నాను."

"అయితే మళ్ళీ ఫెయిలే" అంది పట్టుకారు. ఏడుస్తుందనుకున్నాను. వరండా బల్ల మీద కూలబడి, చెంపకి చెయ్యి ఆనించుకుని, నవ్వింది. "చంపేశారు కదా మావయ్యగారూ."

మావయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కాసేపు నేల చూశాడు.

"నన్ను ఇంకా అడగలేదు నువ్వు" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, అరచెయ్యి వెల్లకిలా మధ్యలో పెట్టింది. "ఇవాళ ఎలా ఉన్నారు?"

అడిగి, ఆగింది.